డిక్కీలో కందులు

చిట్కుల్,
ఆదివారం సాయంత్రం.

ప్రియాంకకు,

మల్లేష్ రాస్తున్నది. ఇక్కడ నేను, పిల్లలు, అమ్మ అందరం బాగున్నాం. అక్కడ నీ కాళ్ళ నొప్పులు తగ్గి, వేళకు ఇంత తిని, నువ్వూ బాగున్నావని అనుకుంటున్నాను. "చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అని మొదలువెట్టాలె రా, పెండ్లానికి గట్లనే రాస్తరు" అని అమ్మ పక్కన కూర్చుని చెబుతోంది. ఇంకో నాలుగు నెలలైతే కానిస్టేబుల్ కాబోయే మనిషికి అంత పొడుగు పిలుపు రాస్తే మీ వరంగల్ ట్రైనింగ్ సెంటర్లో ఎవరైనా చూసి నవ్వుతారని నేనే ఆగాను. ఆశీర్వాదం మాత్రం ఉంది. అమ్మది, నాది కలిపి తీసుకో.

పొద్దున ఫోన్లో మాట్లాడాం కదా, మళ్ళీ ఉత్తరం ఎందుకని అనుకోకు. ఆదివారం మీకు ఫోన్లు ఇచ్చే ఆ కాసేపూ పిల్లలే మింగేస్తారు. నిషిత ఊడిన పన్ను సంగతి చెప్పి ముగించేసరికే నీ వెనక నిలబడ్డవాళ్ళు "జల్దీ, జల్దీ" అనడం వినపడుతుంది. ఇక నా నోట్లోంచి ఒక్క మాట రాదు. నువ్వు మొదటి ఉత్తరం రాసినప్పుడు ఈ కాలంలో ఉత్తరాలేమిటని నవ్వాను. ఇప్పుడు పోస్టాయన మన గల్లీలోకి తిరగకుండా పోతే మనసు చిన్నబోతోంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను. పిల్లలకు గుడ్లు పెడుతున్నావా అన్నావు. పెడుతున్నాను, రోజు విడిచి రోజు. తనుశ్రీ తన పచ్చసొన తీసి చెల్లెలికి ఇస్తుంది. అక్క ప్రేమ అనుకుని మురిసిపోకు, దానికి పచ్చసొన పడదు, అంతే. జడలు నేనే వేస్తున్నాను. మొదట్లో రెండు జడలు రెండు ఊళ్ళకు పోయేవి. ఇప్పుడు బళ్ళో టీచరమ్మ కూడా ఏమీ అనడం లేదు.

ఖర్చు చూసుకుని చేస్తున్నావా అన్నావు. నీ కుట్టుమిషన్ ఆగినప్పటి నుంచి చేతిని కట్టేసుకునే ఉన్నాను. బైకు పక్కన పెట్టి కంపెనీ బస్సులో పోతున్నాను. టీవీ రీచార్జి ఆపేశాం. అమ్మ తన సీరియల్ పక్కింటి శివమ్మక్క దగ్గర చూసి వచ్చి మాకు కథ చెబుతుంది. అత్తను కాస్త మంచిదాన్ని చేసి, కోడలికి నాలుగు తిట్లు కలిపి చెబుతుంది కాబట్టి అసలుదానికంటే ఇదే బాగుంటోంది. అట్టపెట్టెల కంపెనీలో పని చేస్తున్నందుకు నాకూ ఒక లాభం ఉంది, పిల్లల పుస్తకాలకు అట్టలు కొనే పని లేదు. పనికిరాని ముక్కలు సూపర్‌వైజర్‌ను అడిగే తెస్తున్నానమ్మా, కేసు రాయకు. నువ్వు మాత్రం మెస్ బిల్లు పోను మిగిలిందంతా మాకే పంపుతున్నావు. సబ్బుకూ తలనూనెకూ అయినా కొంచెం ఉంచుకో. నీ జుట్టు అట్లా ఎండిపోతుంటే ఇక్కడ నేను పొదుపు చేసి ఏం లాభం?

ఇంకొకటి కూడా రాశావు. "ఇల్లు గడవడం కష్టమైతే ఒక్క మాట రాయి, అన్నీ విడిచిపెట్టి వచ్చేస్తా, ఈ నౌకరీ కన్నా నాకు మీరే ఎక్కువ" అని. ఆ వరుస దగ్గర అక్షరాలు తడిసి అలుక్కుపోయాయి. చెమట పడిందని అనుకున్నాను, అనుకోవాలని చూశాను. ఇప్పుడు మధ్యలో వదిలేస్తే మళ్ళీ పరీక్ష రాయడానికి నీకు వయసు ఉండదు. పొద్దున్నే వెంచర్ ప్లాట్లలో నువ్వు పరుగెత్తుతుంటే నేను చంకలో నిషితను పెట్టుకుని టైము చూసిన రోజులన్నీ మట్టిలో కలుస్తాయి. ఇది నీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఆ మాటకు జవాబు అన్నిటికంటే చివర రాస్తాను, ముందు మిగతాది విను.

కారు వారానికోసారి స్టార్ట్ చేస్తున్నావా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. చేస్తున్నానని ఫోన్లో ప్రతిసారీ చెప్పాను. చేయలేదు. మొదటి రెండు వారాలు చేశాను. ఆ తర్వాత, ఎక్కడికీ పోని బండిని ఊరికే నిలబెట్టి పెట్రోలు కాల్చడం ఏం తెలివి అనిపించి, కవరు కప్పేశాను. నాకంటే ఆ కారు నడపడం నీకే బాగా వచ్చు. నేను స్టీరింగ్ పట్టుకుంటే పిల్లలు కూడా దేవుణ్ణి తలుచుకుంటారు. అది నువ్వు బ్లౌజులు కుట్టి, చిట్టీ కట్టి కొన్న పాత కారే అయినా, దాన్ని నువ్వు ఎంత ముద్దుగా తుడుస్తావో నాకు తెలుసు. అందుకే చెప్పలేకపోయాను.

మొన్న జూలైలో ముసురు పట్టి వదలలేదు. పెద్ద గది స్లాబు కురవడం మొదలుపెట్టింది. ముందు ఒక గిన్నె పెట్టాం, తర్వాత బకెట్టు, తర్వాత స్నానాల టబ్బు. మా అన్న ఎల్లయ్య సదాశివపేట అవతలి మన పొలం నుంచి మన పాలు కింద పంపిన కందుల బస్తాలు ఆ గోడకే ఆనించి ఉన్నాయి కదా. ఈ ఏడాది పప్పు కొనే పని లేదని నువ్వు పోయేముందు ఎంత సంతోషపడ్డావో గుర్తుందా? వాటి మీదికి చెమ్మ పాకడం మొదలైంది. ఇంట్లో తడి తగలని మూల లేదు. బస్తాలు అటూ ఇటూ ఈడ్చీ ఈడ్చీ నా నడుము పట్టేసింది.

"కార్ల వెట్టరాదు రా?" అంది అమ్మ.

"కార్లనా?"

"ఏమయితది? వాన రాదు, తాళం ఉంటది. కందులకు గింతకన్న మంచి జాగ ఏడుంటది?"

అన్నం మీద ఒట్టు, ఆ నిమిషంలో ఆ మాట నాకు ఎంత తెలివిగా తోచిందో చెప్పలేను. డిక్కీలో కొన్ని, వెనక సీట్లో కొన్ని బస్తాలు పేర్చాను. పురుగు పట్టకుండా అమ్మ వేపాకు కూడా వేసింది. మళ్ళీ కవరు కప్పి, తాళం వేసి, మన ఇంట్లో కురవని గది ఇదొక్కటే అని నవ్వుకున్నాం. ఎలుకల సంగతి నాకూ తట్టలేదు, పొలంలో పుట్టి పెరిగిన అమ్మకూ తట్టలేదు. ఇంట్లో గాదె పెడితే పిల్లిని తెచ్చేవాళ్ళం. తాళం వేసి ఉన్న కారు కదా అని ఇద్దరికీ ఒకటే ధీమా.

ఇప్పుడు రాసేది చదివి కంగారు పడకు. ఇప్పుడు అందరం బాగానే ఉన్నామని పైన రాసింది నిజమే. అప్పుడు మాత్రం లేము. ఒకరోజు పొద్దున్నే, పాలు పొయ్యి మీద పెట్టే వేళ, అమ్మ తడి గచ్చు మీద కాలు జారి చెయ్యి కిందేసి పడిపోయింది. కుడి మణికట్టు వాచిపోయింది. బయట వాన. గల్లీలో ఆటో లేదు. మన దగ్గర కారు ఉందన్న గర్వంతో అమ్మను ఎత్తుకెళ్ళి ముందు సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పాను. కిర్రుమని కూడా అనలేదు. మళ్ళీ తిప్పాను. లైటు లేదు, హారన్ లేదు. డ్యాష్‌బోర్డు కిందినుంచి పిల్లి అంత ఎలుక ఒకటి అమ్మ కాళ్ళ మీదుగా వెనక్కి ఉరికింది.

"అయ్యో కొడుకా, కందులు!" అని అరిచింది అమ్మ. చెయ్యి విరిగిన మనిషి చెయ్యి మరిచిపోయి బస్తాల వైపు తిరిగింది. నాకు నవ్వు రావాల్సిన చోట ఏడుపు వచ్చింది, ప్రియాంకా. స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. అమ్మ ఎడమ చేత్తో నా వీపు నిమిరి, "ఊకో బిడ్డా, గింతదానికేనా" అంది. శివమ్మక్క గొడుగేసుకుని మెయిన్ రోడ్డు దాకా పోయి ఆటో తెచ్చింది. సంగారెడ్డి పెద్దాసుపత్రిలో సిమెంటు పట్టీ వేశారు. ఎముక చిట్లింది, అతుక్కుంటుందని చెప్పారు. నీకు ఫోన్లో చెబుతానంటే అమ్మే ఒట్టు వేయించుకుంది. "కోడలికి చెప్పకు రా. అన్నీ ఇడిసిపెట్టి ఉరికొస్తది" అని.

ఇస్నాపూర్ నుంచి మెకానిక్ ప్రభాకర్ వచ్చి బానెట్ ఎత్తి చూశాడు. తర్వాత డిక్కీ తెరిచాడు.

"అన్నా, ఇది కారా, గోదామా?"

"వానకు తడుస్తున్నయని పెట్టిన."

"నువ్వే దావత్ ఇచ్చినవ్. తిన్నంక ఎలుకలు పండ్లు రుద్దుకోవాలె గదా, వైరింగు మొత్తం కొరికి పారేసినయ్. ఒక్క తీగ మిగల్లే."

ఆయన చెప్పిన ఖర్చు ఇక్కడ రాయను. రాస్తే నువ్వు గ్రౌండులోనే కూలబడతావు. ఆ వారమే బోరు మోటారు కూడా కాలిపోయింది. స్లాబు మీద మందు పూయకపోతే పిల్లల గది పెచ్చులు కూడా ఊడిపడతాయని మేస్త్రీ చెప్పి పోయాడు. ఒకదానికొకటి ఫోన్లు చేసుకుని వచ్చినట్టు అన్నీ ఒక్కసారే వచ్చాయి. అమ్మ చెయ్యి పనికిరాదు కనుక వంట నేనే, బడి నేనే, నీళ్ళు మోయడం నేనే. నైట్ షిఫ్ట్ పడితే పిల్లలను ఎవరు చూస్తారు? సెలవు పెడితే జీతం కోత. "క్యా మల్లేష్, ఫిర్ ఛుట్టీ?" అని సూపర్‌వైజర్ అందరి ముందే అడిగాడు. ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైందని నిషిత అంటే దాన్ని కొట్టాను. గట్టిగా కాదు, అయినా కొట్టాను. అది ఏడవలేదు, కంచం తీసుకుని అమ్మ దగ్గరికి పోయి కూర్చుంది. మన ఇంట్లో ఎప్పుడూ లేనిది అది, అందుకే చెబుతున్నాను.

ఇప్పుడు రాయబోయేది మాత్రం నీకు చెప్పకుండా ఉండిపోదామని చాలా అనుకున్నాను. నీ ఉత్తరంలో ఆ తడిసిన వరుస చూశాక దాచుకోవడం చేతకాలేదు.

పోయిన వారం నా ఆఫ్ రోజున పిల్లలను శివమ్మక్కకు అప్పజెప్పి, కంపెనీ పని మీద వరంగల్ పోతున్నానని అమ్మకు చెప్పి, తెల్లారగానే బస్సెక్కాను. ప్రియాంకా, నేను నిన్ను చూడటానికి రాలేదు. నిన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాను.

దారి పొడుగునా నీకు ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. అమ్మకు చెయ్యి విరిగిందంటే నువ్వు ఇంకో మాట అడగవని తెలుసు. అదే వాడుకుందామనుకున్నాను. ఇంకో లెక్క కూడా వేసుకున్నాను, రాయడానికే సిగ్గుగా ఉంది. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ కదా. పోయేటప్పుడు నాకొక్కడికే టికెట్, వచ్చేటప్పుడూ నాకొక్కడికే టికెట్. నిన్ను వెనక్కి తీసుకురావడానికి ఒక్క రూపాయి ఖర్చు కాదని కిటికీ పక్కన కూర్చుని సంబరపడ్డాను. పొదుపు చేసీ చేసీ నా బుద్ధి అక్కడి దాకా దిగజారింది.

మీ గేటు దగ్గర సెంట్రీ నా చేతిలో బ్యాగు చూశాడు.

"అండ్ల ఏమున్నయ్?"

"ఏం లేవు సార్."

"తిననీకి గిట్ల తెచ్చినవా?"

"లే సార్. ఖాళీదే."

"ఖాళీ బ్యాగు పట్టుకొని గింత దూరం ఎందుకొచ్చినవయ్యా?"

నీ బట్టలు, దుప్పటి, బూట్లు అన్నీ పడతాయని మన ఇంట్లో ఉన్న పెద్ద బ్యాగు తెచ్చాను. నీకోసం ఒక అరటిపండు కూడా తేలేదు. నెలల తర్వాత పెళ్ళాం మొహం చూడబోయేవాడు ఎవడైనా అట్లా వస్తాడా? సరే పేరు చెప్పు, లోపలికి కబురు పెడతానని ఆయన అన్నాడు. నేను నోరు తెరిచాను.

అప్పుడే గ్రౌండులోంచి "సావ్‌ధాన్!" అని ఒక గొంతు వినపడింది. అన్ని బూట్లూ ఒక్కసారి నేలకు తగిలాయి. గేటు పక్క ఇనుప జాలీలోంచి చూశాను. అందరూ వరసల్లో ఉన్నారు, ఒక్క మనిషి మాత్రం ముందు నిలబడి ఉంది. ఎండకు నల్లబడింది, చిక్కిపోయింది, మెడ మాత్రం నిటారుగా ఉంది. ఆ మనిషి మళ్ళీ ఒక మాట అంటే అంతమంది కుడికి తిరిగారు. ఆ గొంతు నీదని పోల్చుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఇంట్లో గ్యాస్ అయిపోయిందని చెప్పడానికి కూడా నా దగ్గరికి వచ్చి, పక్కవాళ్ళు వింటారన్నట్టు గొణిగేదానివి. నీలో అంత గొంతు ఉందని నాకు తెలియదు. బహుశా నీకూ తెలియదేమో. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గర్వంగానూ ఉంది, నా చేతిలో బ్యాగు చూసుకుంటే అసహ్యంగానూ ఉంది.

"ఎవరు గావాలె నీకు?" అని సెంట్రీ మళ్ళీ అడిగాడు.

"ఎవరొద్దు సార్. అగో, ముంగట నిలబడ్డామె మా ఇంటామె. సూసిపోదామని వచ్చిన."

ఆయన నన్ను చూశాడు, బ్యాగును చూశాడు. అర్థమైందనుకుంటాను. "సూసినవ్ గదా, ఇగ పో. మంచిగ చేస్తది మీ ఆమె," అన్నాడు. అక్కడే ఇంకాసేపు ఉంటే నోరు జారతానని భయం వేసి బస్టాండు దాకా ఆగకుండా నడిచాను.

ఇంటికి వచ్చేసరికి పిల్లలు బల్ల దగ్గర రాసుకుంటున్నారు. అమ్మ నా చేతిలోని బ్యాగును తేరిపార చూసింది. కంపెనీ పనికి అంత బ్యాగు ఎందుకో ఆమెకు ఒకరు చెప్పాలా?

"తీస్కరాలేదా?" అంది మెల్లగా.

"లే అమ్మా."

"మంచిపని జేసినవ్. కాళ్ళు కడుక్కో, తిందువు."

ఎడమ చేత్తోనే వడ్డించింది. సగం పప్పు కంచంలో, సగం గచ్చు మీద. ఆ రోజు ఎంత తిన్నానో నాకే తెలియదు.

ఇక నీ మాటకు జవాబు. ఇల్లు గడవడం కష్టంగానే ఉంది. లేదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. అయినా నువ్వు రావద్దు. నేను పిలిచినా రావద్దు. సూపర్‌వైజర్‌ను పక్కకు తీసుకుపోయి ఉన్నదంతా చెప్పాను. తిడతాడనుకుంటే, "పహలే బోల్నా థా నా," ముందే చెప్పాల్సింది కదా అని నన్ను నైట్ షిఫ్ట్ నుంచి తీసి పొద్దుటి షిఫ్ట్‌లో వేశాడు. నైట్ అలవెన్స్ పోతుంది, పోనీ. పిల్లలను శివమ్మక్క తన మనవడితో పాటు బడికి తోలుతోంది. డబ్బు ఇస్తానంటే కోప్పడింది, ఎలుకలు ముట్టని బస్తా చూసి కందులు ఇస్తే తీసుకుంది. స్లాబుకు మందు పూయించాను, మోటారు బాగైంది. అమ్మకు వచ్చే నెల పట్టీ విప్పుతారు. నిషితను దగ్గర కూర్చోబెట్టుకుని తప్పు నాదని చెప్పాను. "మరి ఉప్పు జెర తక్కువెయ్యి డాడీ" అంది.

కారును మాత్రం ముట్టుకోలేదు. బస్తాలు దించి, ఊడ్చి, తలుపులు తీసి ఎండకు పెట్టాను. బాగు చేయించాలా, వచ్చిన ధరకు ఇచ్చేయాలా అన్నది నువ్వే చెప్పు, నీ కష్టంతో వచ్చిన వస్తువు అది. ట్రైనింగ్ ముగిసే రోజు మా వాళ్ళు పరేడుకు మా కారులో వస్తారని అక్కడ నీ స్నేహితురాళ్ళందరికీ చెప్పుకున్నావట. ఆ ముచ్చట తీర్చలేనేమో. బస్సులో వస్తాం. ఈసారి బ్యాగు నిండా నీకు ఇష్టమైనవి చేసి తెస్తాం. అమ్మ సెల్యూట్ ఎట్లా కొట్టాలో ఇప్పటినుంచే తనుశ్రీ దగ్గర నేర్చుకుంటోంది, అదీ ఎడమ చేత్తో.

వచ్చే ఆదివారం ఫోన్లో పిల్లల ముందు ఈ సంగతులు ఎత్తకు. వాళ్ళను అవతలికి పంపించాక నన్ను తిట్టు. నీకు కోపం వస్తుందని తెలుసు, రావాలి కూడా. వెనక నిలబడ్డవాళ్ళు వింటారని గొణగకు. ఆ గ్రౌండులో అరిచిన గొంతుతోనే తిట్టు. చెవికి దూరం పెట్టకుండా వింటాను.

ఇట్లు,
నీ పెనిమిటి
మల్లేష్